మా ఆవిడ లా సీటు

మా ఆవిడకి విశాఖపట్నంలో లా సీటు వచ్చిన సంగతి నాకు ఒక మధ్యాహ్నం షాపులో తెలిసింది. కాలిపోయిన బోరు మోటారు ముందు కూర్చుని, దాని పొట్టలోంచి మాడిన రాగి తీగ లాగుతున్నాను. ఆమె రోడ్డు దాటి వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"బావా, చూడు."

నా చేతులనిండా మసి. కళ్ళజోడేమో నుదుటి మీదుంది. ఆమే దాన్ని కిందికి లాగి నా ముక్కుమీద పెట్టింది. చదివాను. చదివి, "అయితే వెళ్తున్నావన్నమాట" అన్నాను. సంతోషంగానే అన్నాననుకున్నాను. ఆమె నా ముఖం ఒక్క క్షణం చూసి, "భోంచేద్దాం రా, మూడవుతోంది" అంది.

పొదిలిలో నాది మోటార్లకి తీగ చుట్టే షాపు. మా వైపు భూములు మెట్ట. మిరపా, పత్తీ, పొగాకూ ఏది వేసినా బోరే దిక్కు. కరెంటులో ఒక ఫేజు పోయిందంటే మోటారు కాలుతుంది, మోటారు కాలితే రైతు ట్రాక్టరు వేసుకుని నా దగ్గరికొస్తాడు. మా ఆవిడ నా మేనమామ కూతురు. డిగ్రీ చదివింది. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర కాగితాలు టైపు చేసేది. రెండు షాపులకీ మధ్య ఒక రోడ్డే అడ్డం. మధ్యాహ్నం క్యారేజీ నా బల్ల మీదే విప్పేవాళ్ళం. పప్పులో కూడా తీగకి పూసే వార్నిష్ వాసన వస్తోందని పెళ్ళయిన తొమ్మిదేళ్ళూ అంటూనే తినేది.

లా చదవాలన్న ఆలోచన ఆమెకి ఒక ముసలామె వల్ల వచ్చింది. ఆ ముసలామె ఒకరోజు ఒక కాగితం తెచ్చి, "ఇందులో ఏం రాసుందో చదివి పెట్టమ్మా" అని అడిగింది. మా ఆవిడ చదివింది. ముసలామె తన రెండెకరాలూ అక్క కొడుక్కి దానంగా ఇచ్చినట్టు ఆ కాగితంలో ఉంది. కింద ముసలామె వేలిముద్ర. పింఛను కాగితమని చెప్పి వేయించుకున్నారట. "ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అంటే, "లాయరు దగ్గరికి వెళ్ళు పెద్దమ్మా" అంది మా ఆవిడ. "నువ్వు ఇంత చదివావుగా, నువ్వేం చెయ్యలేవా?" అని అడిగిందట ముసలామె. కోపంగా కాదు, తెలియక అడిగింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది గాని తినలేదు. "ఎంతమందికి ఎన్ని కాగితాలు కొట్టిచ్చాను బావా! ఒక్కదాన్నీ ఆపడం రాదు నాకు" అంది. నెల తిరిగేసరికి లా ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టింది.

పుస్తకాల కోసం గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేట మాకు కొత్త కాదు. పిల్లల కోసమని నాలుగేళ్ళపాటు అక్కడి ఒక ఆస్పత్రికి తిరిగాం. ఏ సందులో కాఫీ బాగుంటుందో, ఏ ల్యాబు పొద్దున్నే తీస్తారో మాకు కంఠతా వచ్చు. ఇక చాలని ఒకరోజు ఆమే అంది. నేనూ సరేనన్నాను. ఆ తరవాత మళ్ళీ ఆ పేటలో అడుగు పెట్టడం అదే. ఆటో దిగగానే ఇద్దరం అలవాటుగా ఆస్పత్రి ఉన్న వైపు నాలుగడుగులు వేసేశాం. ఆమె ముందు ఆగింది. "ఇటు కాదుగా మనం వెళ్ళాల్సింది" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ పేటలో మేమిద్దరం నవ్వడం బహుశా అదే మొదలు. పుస్తకాలమ్మే కోచింగు సెంటర్లో కుర్చీలో ఉన్నాయన నన్ను చూసి, "అడ్మిషన్ మీకేనా సార్?" అన్నాడు. "కాదండి, మా ఆవిడకి. నేను సంచులు మొయ్యడానికొచ్చాను" అన్నాను.

ర్యాంకు బాగానే వచ్చింది. ఒంగోల్లో చేరితే రోజూ బస్సులో వెళ్ళి రావచ్చని నా లెక్క. ఆమె మాత్రం మొదటి ఆప్షను విశాఖ పెట్టింది. ఎందుకని అడిగితే దాచకుండా చెప్పింది.

"ఒంగోలైతే సాయంత్రానికి ఇంటికొస్తాను. ఇంటికొస్తే వంటా, బట్టలూ, అత్తయ్య మోకాళ్ళ మందూ. ఎవరూ చెయ్యమనకపోయినా నేనే చేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

సీటొచ్చాక నాకు పెద్ద చిక్కు వచ్చిపడింది. నేనూ వెళ్ళాలా? ఇక్కడే ఉండాలా? చదువు మూడేళ్ళు. నేను వెళ్ళకపోతే ఆమె ఒక్కతే అంత దూరంలో ఎలా ఉంటుంది? వెళితే అక్కడ నాకు పనేముంది? సముద్రం ఒడ్డున బోర్లెవరు వేస్తారు? మిరపకి నీళ్ళు పెట్టే రోజుల్లో నేను లేకపోతే నా రైతులు ఎక్కడికి పోతారు? పదిహేను రోజులు ఇదే ఆలోచన. ఒక మోటారుకి చుట్ల లెక్క తప్పి, చుట్టిందంతా విప్పి మళ్ళీ చుట్టాను. ఇరవై ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

సంగతి బజారంతా తెలిసింది. కొణిజేడు నుంచి వచ్చే ఒక పొగాకు రైతు, నా ఈడువాడే, మోటారు దించుతూనే మొదలెట్టాడు.

"ఏరా, పెళ్ళాన్ని కాలేజీలో చేర్చి గేటు బయట క్యారేజీ పట్టుకుని నిలబడతావంటగా?"

"నిలబడితే ఏమైంది? నీ మోటారు కోసం ఎండలో నిలబడట్లా?"

"అది కాదురా, నువ్వు పోతే మా గతేంటి?" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

మా అమ్మది ఇంకో దారి. "అది చదువుకుంటానంటే చదువుకోనీ. తెలివైన పిల్ల. నువ్వెందుకురా పోవడం? నీకు ఎండు మిరపకాయల ఘాటు లేకపోతే అన్నం సయించదు. అక్కడ చప్పిడి కూడు తిని చిక్కిపోతావు" అంది. లా చదువు గురించి మా అమ్మకున్న బెంగంతా నా తిండి దగ్గరే ఆగింది.

చివరికి ఒక ఆదివారం దర్శి వెళ్ళాను. నాకు పని నేర్పిన మేస్త్రిగారు అక్కడుంటారు. చూపు తగ్గి పని మానేశారు గాని, మోటారు మోత విని జబ్బేమిటో ఇప్పటికీ చెప్పగలరు. అరుగుమీద కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విన్నారు. వెళితే లాభాలు చెప్పాను, వెళ్ళకపోతే నష్టాలు చెప్పాను, బజారులో ఎవరేమన్నారో కూడా చెప్పాను. అంతా అయ్యాక ఆయన ఒక్కటే అడిగారు.

"ఒరేయ్, ఆ పిల్లేమంది?"

"ఎవరు? మా ఆవిడా?"

"చదివేది అదేగా. నువ్వు రావాలందా, వద్దందా?"

 పదిహేను రోజుల్లో ఆ మాట ఆమెని అడగాలని నాకు తోచనే లేదు. "ముందు పోయి దాన్నడుగు. తరవాత నా దగ్గరికి రా" అని ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆమె డాబా మీద ఎండిన బట్టలు తీస్తోంది. నేను వెళ్ళి ఒక దుప్పటి కొస పట్టుకున్నాను. ఇద్దరం మడతపెడుతుంటే అడిగాను.

"నన్ను రమ్మంటావా, వద్దంటావా?"

ఆమె దుప్పటికి చివరి మడత పెట్టింది. తరవాత, "వద్దు బావా" అంది.

అలాంటి జవాబుకి నేను తయారై రాలేదు. ఎంత మంచివాడివి బావా అంటుందనో, నీకెందుకంత శ్రమ అంటుందనో ఊహించుకున్నాను. నా ముఖం చూసి ఆమె దుప్పటి పక్కన పెట్టింది.

"నువ్వొస్తే నాకు బాగుంటుంది. అదే చిక్కు. నీకు పని దొరికిందా, తిన్నావా, దిగులు పడుతున్నావా అని చూసుకుంటూ కూర్చుంటాను. పుట్టింట్లోంచి మీ ఇంటికొచ్చాను. ఒక్కదాన్నే ఒక గదిలో ఒక్క వారం ఉండలేదు ఇంతవరకూ. ఉండగలనో లేదో చూసుకోనీ. ఒక ఏడాది."

"సరే" అన్నాను గాని మూడు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే నేనే లేచి తెచ్చుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పుతూ, "అలక అయిపోయిందా, పొడిగింపు ఏమైనా ఉందా?" అంది. నవ్వాపుకోలేకపోయాను. ఆ రోజే ఆమె సామాన్ల జాబితా రాయడం మొదలెట్టాం.

ఒంగోల్లో రైలెక్కి ఇద్దరం వెళ్ళాం. హాస్టలు లోపలికి మగవాళ్ళని రానివ్వరు. పెట్టె గేటు దాకా మోసి, అక్కడ ఆమెకి అందించాను. ఆమె రెండడుగులు వేసి వెనక్కొచ్చి నా కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. "ఇది రోజూ తుడుచుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. తిరుగు రైలు సింగరాయకొండ దాటి పోతుంటే గాని నేను ఒంగోల్లో దిగడం మరిచానని గుర్తు రాలేదు. కావలిలో దిగి బస్సులో వెనక్కొచ్చాను.

ఆ ఏడాది మా ఇద్దరికీ ఫోనే ఇల్లు. పొద్దున క్లాసుకి నడుస్తూ మాట్లాడేది. వెనకాల గాలి హోరు వినపడేది. ముప్ఫై మూడేళ్ళ మనిషి ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య. గదిలో ఒక పిల్ల మొదటి రోజే "ఆంటీ" అందట. వారం రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. తరవాత ఆ పిల్లకి జ్వరమొస్తే మాత్రలు తెచ్చిపెట్టి పక్కనే కూర్చుందట. అప్పట్నించి "అక్కా". మా అమ్మ పంపిన పండుమిరప పచ్చడి సీసా రెండు రోజుల్లో ఖాళీ చేసి, కళ్ళనీళ్ళు కారుస్తూ ఇంకో సీసా అడిగారు ఆ పిల్లలు.

మొదటి పరీక్షల్లో ఒక పేపరు తప్పింది. ఏడుస్తుందేమోనని వెంటనే బయల్దేరబోయాను. "రావద్దు బావా, నేను ఏడ్చేశాను, అయిపోయింది. ఇప్పుడు చదువుతున్నా" అంది. చదువుకున్నది ఫోన్లో నాకు చెప్పేది. ఒప్పందం అంటే ఏమిటో నా షాపుతోనే వివరించింది. మోటారు బాగుచేస్తానని నేను ఒప్పుకున్న క్షణంనుంచి నా మీద ఏయే బాధ్యతలున్నాయో వింటుంటే నాకే భయం వేసింది. ఆ తరవాత ఎవరికైనా "రేపిస్తా" అనే ముందు రెండుసార్లు ఆలోచించేవాణ్ణి.

రెండో ఏడు మొదలవుతుండగా ఒక పొద్దున ఫోను చేసింది. "ఒక చిన్న పోర్షను చూశాను. కింద షట్టరు ఉన్న గది కూడా ఉంది. ఇక్కడ అపార్టుమెంట్ల నిండా పంపులే. ఉప్పుగాలికి ఊరికే పాడవుతున్నాయి. వస్తావా?"

"నేనొస్తే చదవలేనన్నావుగా?"

"ఇప్పుడు నాకు చదవడం వచ్చింది. ఇక నువ్వున్నా చదువుతాను."

ఈసారి ఎవరి దగ్గరికీ వెళ్ళి అడగలేదు. అదే బజారులో నాకు పోటీగా షాపు పెట్టినాయన దగ్గరికి వెళ్ళి, నా రైతుల్ని చూసుకోమన్నాను. ఇన్నేళ్ళూ ఒకరి ముఖం ఒకరం చూసుకోని వాళ్ళం, ఆ రోజు కూర్చుని టీ తాగాం. మిరపకి నీళ్ళు పెట్టే రెండు నెలలూ నేనొచ్చి పనిచేసి వెళ్ళేట్టు మాట్లాడుకున్నాం. పొగాకు రైతు స్వయంగా వచ్చి నా తీగ చుట్టే యంత్రాన్ని లారీ ఎక్కించాడు. తాళ్ళు బిగించి కడుతూ, "గేటు బయట క్యారేజీ చల్లారనివ్వకు" అని మాత్రం అన్నాడు. మా అమ్మ రావడానికి ఒప్పుకోలేదు. అదే వీధిలో ఉన్న మా అక్కావాళ్ళింటికి మారింది. నెలకోసారి పచ్చళ్ళతో దిగుతుంది.

ఇక్కడికొచ్చి ఏడాదిన్నర అయింది. నన్ను ఈ వీధిలో "లా చదివే మేడం గారి ఆయన" అంటారు. మొదట్లో చివుక్కుమనేది. ఇప్పుడు అలా పిలవకపోతే వెనక్కి తిరిగి చూడను.

మొన్న ఆమె కాలేజీలో మూట్ కోర్టు జరిగింది. విద్యార్థులు లాయర్లలా నిలబడి ఉత్తుత్తి కేసు వాదించే పోటీ అది. నన్ను రమ్మంది. షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాను. నల్లకోటులో ఆమెని చూడడం అదే మొదలు. కోటు చేతులు కొంచెం పొడవయ్యాయి, మడిచి లోపల పిన్నీసు పెట్టుకుంది. నాకేమీ అర్థం కాకపోయినా ఆమె గొంతు వణికినప్పుడల్లా ముందు బెంచీ గట్టిగా పట్టుకున్నాను. ఓడిపోయింది.

బస్టాపు దాకా నడిచాం. బస్సు రాలేదు. వేయించిన పల్లీలు కొన్నాను. పొట్లం తెరుస్తూ అడిగింది.

"ఎక్కడ తప్పాను బావా? నిజం చెప్పు."

"నాకేం తెలుసు మీ చదువులు? కానీ ఒకటి చెప్తా. జడ్జిగా కూర్చున్నాయన రెండోసారి ఏదో అడుగుతుంటే, పూర్తిగా వినకుండానే నువ్వు జవాబు మొదలెట్టావు."

ఆమె పల్లీ నమలడం ఆపింది. "అవును" అంది. "అవును బావా, నిజమే. ఆయన అడిగింది వేరే." ఇక అక్కణ్ణుంచి ఆయన ఏం అడిగారో, తను ఏం చెప్పి ఉండాల్సిందో మొదటినుంచీ మొదలెట్టింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. మూడోది కూడా ఆమె వాదన మధ్యలోనే వచ్చింది. ఎక్కుదామని నేను గుర్తుచెయ్యలేదు.