వల రానోళ్ళ పేర్లు కొట్టేద్దాం

ఔటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్న రోజులు. ఇబ్రహీంపట్నం చెరువు ఏళ్ళ తర్వాత నిండింది. బాపు పోయి ఆరు నెలలు. ఆయనకు నేనొక్కదాన్నే. ఆయన సభ్యత్వం నా పేరున రాయమని చేపల సంఘం మీటింగుకు పోయాను. రాయకపోతే చెరువులో బాపు వాటా పోయినట్టే.

సంఘం పెద్ద నాకు వరసకు పెద్దబాపు.

"ఆడోళ్ళకు వల ఎయ్యరాదు బిడ్డా. వల రానోళ్ళకు సభ్యత్వం లేదు" అన్నాడు.

"ఎందుకు రాదు పెద్దబాపూ?"

"చెరువుల వల ఎయ్యాలంటే సభ్యత్వం ఉండాలె గద."

పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. అందరూ తల ఊపారు. నాకు ఒళ్ళు మండింది.

వెనక నుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "చిన్నప్పుడు నువ్వు తెప్ప ఎక్కినవ్. ఆ ఏడే చెరువు ఎండింది."

కాకి వాలింది, తాటిపండు రాలింది. నీళ్ళొచ్చే కాలువలకు అడ్డంగా లేచిన వెంచర్లు ఆయనకు కనబడలేదు, నా రెండు కాళ్ళు కనబడ్డాయి.

"మొగనితోని కొట్లాడి వచ్చినామెకు వల ముచ్చటెందుకు?" అన్నాడు ఇంకొకడు. అది గుచ్చుకుంది. మోకాలికీ బోడిగుండుకూ ముడి అని తెలిసినా గుచ్చుకుంది. వీటిని తర్కదోషాలంటారని తర్వాతెప్పుడో పుస్తకంలో చదివాను. ఆ రోజు మా అవ్వ సామెతలే సరిపోయాయి.

లేచి నిలబడ్డాను. "సరే. అందరం కట్ట మీదికి పోదాం. ఒక్కొక్కరు వల ఇసరాలె. రానోళ్ళ పేర్లు కొట్టేద్దాం. ముందుగాల నేనే ఇసురుత."

నా వల పూర్తిగా విచ్చుకోదు. అది నాకు తెలుసు. కానీ చెరువు ఎండిన ఏళ్ళలో సంఘం వాళ్ళూ వల మరిచారు. ఒకరు ఆటో పట్టారు, ఒకరు బొంగులూరు వెంచర్లో వాచ్‌మన్ అయ్యారు. పెద్దబాపు కొడుకు సభ్యుడే, ఏనాడూ కాళ్ళు తడుపుకోలేదు. ఎవరూ లేవలేదు. మీటింగు అయిపోయిందన్నాడు పెద్దబాపు. నా పేరు రాయలేదు.

చేపలు పంచిన రోజు బుట్ట పట్టుకుని బాపు నిలబడే చోటే నిలబడ్డాను.

"నీ పేరు లేదు, జరుగు" అన్నాడు పెద్దబాపు.

"బాపు పేరున్నది గద. కొట్టేసిన్రా?"

పెద్దబాపు పుస్తకం తిప్పాడు. కొట్టేయలేదు. కొట్టేస్తే నా పేరెందుకు రాయలేదో చెప్పాలి, దానికి వల రూలు చదవాలి, అది చదివితే కొడుకు చేతికీ వల ఇవ్వాలి. వెనకవాళ్ళు గొణిగారు. నేను జరగలేదు. చివరికి బాపు వాటా నా బుట్టలో పడింది.

"గీ ఒక్కసారే" అన్నాడు.

"మల్ల ఏడు గూడ గీడనే నిలబడ్త" అన్నాను.