ఏడుగురికి ఒక్క లాగిన్

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో నేను తొర్రూరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. కాలేజీ మొత్తానికి ఇంటర్నెట్ ఒక్క ప్రాక్సీ సర్వర్ గుండానే వచ్చేది. ఒకరు తెరిచిన పేజీని అది దాచిపెట్టుకుని, ఇంకొకరు అడిగితే అదే ఇచ్చేది. అయినా పిల్లలు సభల వీడియోలు పెట్టారంటే లైను చచ్చిపోయేది. "మనిషికి ఇంత స్పీడే అని కట్టెయ్. నా రూముకు వద్దు" అన్నారు ప్రిన్సిపాల్. కట్టేశాను. ఏదో పెద్ద న్యాయం చేసినట్టు మురిసిపోయాను కూడా.

దానికి ఒక్కొక్కరికీ లాగిన్ ఉండాలి. పేర్లు రాసుకున్న రోజు బంద్, బస్సుల్లేవు. నర్సింహులపేట వైపు తండాల నుంచి వచ్చే ఏడుగురూ రాలేదు. తర్వాత వాళ్లందరికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చి చేతులు దులుపుకున్నాను. ఏడుగురికీ కలిపి ఒక్కరి వాటానే వస్తుందని ఆలోచించలేదు.

బీఎడ్ ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. ఆ ఏడుగురూ ఒక్క లాగిన్ మీదే దరఖాస్తులకు కూర్చున్నారు. వాళ్లలో ఒకమ్మాయి, ఈసారి పరీక్ష రాయకపోతే ఇంట్లోవాళ్లతో హైదరాబాదు కూలికి పోవాల్సిందే.

"అన్నా, పేజీ సగం వచ్చి ఆగుతున్నది. జర చూడరాదే" అంది.

సైటే నెమ్మదిగా ఉందన్నాను. పక్కనే టౌను పిల్లల దరఖాస్తులు చకచకా అయిపోతున్నాయి. అప్పుడు సర్వర్ తెరిచి చూస్తే నా తెలివి బయటపడింది. సరిచేయడం అరనిమిషం పని. కానీ సర్వర్ ఆపి మళ్లీ నడపాలి, అందరికీ లైను తెగుతుంది. ప్రిన్సిపాల్ గదిలో ఉద్యమ సభ నుంచి నాయకుడి ప్రసంగం లైవ్ నడుస్తోంది.

"సార్, ఒక్క నిమిషం లైను ఆపాలె. పిల్లల దరఖాస్తులున్నయ్."

"అయిపోనియ్యవయ్యా! మన వాటా గురించే చెప్తున్నడు. గిసొంటి మాటలు మల్ల ఇంటవా?"

నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను. అప్పుడది మర్యాద అనుకున్నాను. ఉత్త పిరికితనం. నా సొంత లాగిన్ ఇచ్చినా ఆమె పని అయిపోయేదని ఇంటికి పోయాకగానీ తట్టలేదు.

ప్రసంగం ఐదుంబావుకు ముగిసింది.

ఆమె సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుంటూ, "దరఖాస్తులు మల్ల ఇడుస్తరా అన్నా?" అని అడిగింది. తప్పు నాదేనన్న సంగతి దాచేశాను.

"రాష్ట్రం రానియ్ చెల్లె, అన్ని మనకే వస్తయి" అన్నాను.

ఆమె నమ్మి తలూపింది. అదే నాకు ఇంకా మింగుడుపడదు.