ట్రావ్ అనే మాట పట్టుకుని అల్ ఖోర్ పొలాల దాకా

దోహాలో, అల్ మన్సూరాలోని కూతురింట్లో ఉంటున్న ఒక ఐరిష్ పెద్దాయనకు నర్సుని నేను. వాళ్ళ ఊళ్ళో ఆయన రైతు, బడిపంతులు కూడానట. పక్షవాతం వచ్చాక నలభై రోజులుగా నోట మాట లేదు. గొంతుకేం కాలేదు, ఎప్పుడో ఆయనే మాట్లాడాలి అని డాక్టరు చేతులెత్తేశాడు. తండ్రిని ఇక్కడే ఉంచుకోవాలో, ఐర్లండులో సేద్యం చేస్తున్న తన తమ్ముడి దగ్గరికి పంపాలో ఆయన కూతురు ఆదివారంలోగా తేల్చుకోవాలి. ఆయన తన నోటితో ఏది చెబితే అదే చేస్తానంది. ఉంటాననాలని నేను కనబడ్డ దేవుడికల్లా మొక్కాను. ఆయన మీద ప్రేమ ఒకటి, ఆయన వెళ్తే నా ఉద్యోగమూ పోతుందన్న భయం ఒకటి. దాచడమెందుకు?

ఆయన బడిపిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పిన ఐరిష్ క్రియ ‘ట్రావ్’, అంటే దున్నడం. కూతురు నాకూ నేర్పింది. ట్రావిమ్ అంటే దున్నుతుంటాను, హ్రావ్ మే అంటే దున్నాను, ట్రాఫ మే అంటే ఇకముందు దున్నుతాను. మనకు ‘దున్నుతాను’ ఒక్కటే రోజూ చేసేదానికీ రేపు చేయబోయేదానికీ సరిపోతుంది, వాళ్ళకు వేరువేరు. దీని మూలం ‘ట్రెబ్’ అనే పాత మాట, ఇల్లు అని అర్థం. ఒకచోట ఇల్లు కట్టుకుని ఆ నేలను సాగుచేసుకుంటూ బతకడాన్ని ఆ క్రియ చెప్పేదట, పోనుపోను దున్నడం ఒక్కటే మిగిలింది. రోజూ టీ ఇస్తూ ఆ మూడు రూపాలూ వల్లించేదాన్ని. గోడకు చెప్పినట్టే ఉండేది. వినిపిస్తే లాభం లేదు, దుక్కి చూపిద్దామనిపించింది. ఎండ ముదరకముందే, పొద్దున పది లోపు అక్కణ్ణించి బయల్దేరి వచ్చేయాలన్న షరతు మీద కూతురు ఒప్పుకుంది. ఏం మాట్లాడినా ఫోన్‌లో రికార్డు చేయమంది.

నవంబరులో ఒక శుక్రవారం, ఉదయం ఆరుంబావుకు బయల్దేరాం. ఉత్తరంగా అల్ ఖోర్ రోడ్డు మీద యాభై నిమిషాలు, తర్వాత పది నిమిషాలు కంకర దారి. సొంత కారు లేనివాళ్ళకు ట్యాక్సీ ఒకవైపుకు సుమారు వంద రియాళ్ళు. వెనక సీట్లో నేను పది నిమిషాలకోసారి పెద్దాయన నాడి పట్టుకుంటున్నాను. ఇంటి డ్రైవరు సుబ్బరాయుడిది కడప వైపు. అద్దంలో నన్ను చూసి, “ఏం గాదులేమ్మా, నువ్వు ఊరికే దిగులు పడతాండావు,” అన్నాడు. ఆ మాటతో నా దిగులు రెట్టింపైంది.

ఆ దారి చివరి కూరగాయల తోటలో ట్రాక్టరు నడిపే గంగారాంది జగిత్యాల, నాకు తెలిసినవాడే. ముందే ఫోన్ చేసి, యజమాని అనుమతి తీసుకుని పెట్టమన్నాను. చక్రాల కుర్చీ గట్టు మీద పెట్టించి, అవతలి చివర పాతిన కర్ర చూపించాడు. “ఆ కట్టెకు నా తువ్వాల కట్టిన, అక్కా. దాన్నే సూసుకుంట పోవాలె. ఎనకకు నాగలి దిక్కు సూస్తే మొదటి సాలే వంకరైతది. మొదటిది వంకరైతే మడంత వంకరే.”

ట్రాక్టరులో ఏదో మొరాయించింది. తొమ్మిదైనా సాలు పడలేదు. ఎండకు పెద్దాయన ముఖం ఎర్రబడింది. నేను గొడుగు పట్టుకుని కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆయనకేమన్నా అయితే నా గతేమిటి? తొమ్మిదిన్నరకు, ఇక పోదామని కుర్చీ తిప్పబోతుండగా ట్రాక్టరు కదిలింది.

గంగారాం తువ్వాల మీంచి చూపు తిప్పలేదు. ఎర్రమట్టి విచ్చుకుని తిన్నగా ఒక సాలు పడింది. పెద్దాయన కుడిచెయ్యి మెల్లగా లేచి తువ్వాలను చూపించింది. ఫోన్ తీసి రికార్డింగు నొక్కాను.

“ట్రావిమ్,” అన్నాడు. అప్పుడే పడ్డ సాలు వైపు చెయ్యి తిప్పి, “హ్రావ్ మే.” పంతులు పాఠం చెప్పినట్టే ఉంది. మూడోది చెప్పేటప్పుడు నా వైపు తిరిగాడు. “ట్రాఫ మే.” తర్వాత నాకు అర్థం కావాలనేమో, ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు: “మా ఇంటి దగ్గర. నన్ను పంపించండి.”

సంతోషంతో ఏడ్చానో, భయంతో ఏడ్చానో నాకే తెలియదు. దారిలో ఆ రికార్డింగు చెరిపేస్తే ఎవరికి తెలుస్తుందన్న పాడు ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఇంటికెళ్ళగానే కూతురికి వినిపించాను. ఆమె మూడుసార్లు విని నా చెయ్యి పట్టుకుంది. టికెట్టు వచ్చే నెలకు. ఆయన సామాను నేనే సర్దుతున్నాను. పొద్దున టీ ఇస్తూ నేను ట్రావిమ్ అంటే, ఇప్పుడు మిగతా రెండూ ఆయనే చెబుతున్నాడు.

మీరూ వెళ్ళేట్టయితే ఒక్క సలహా. తోటవాళ్ళ అనుమతి ముందుగా తీసుకుని, ఏడున్నరకల్లా గట్టు మీద ఉండండి. ఆలస్యమైతే పెద్దాయన చూపించిన గుర్తు మీకు కనబడదు; మొదటి సాలు పూర్తి కాగానే గంగారాం వెళ్ళి ఆ తువ్వాల విప్పి మెడలో వేసుకుంటాడు.