కాదుగారి సర్టిఫికెట్

ఎవరేం చెప్పినా ముందు ‘కాదు’ అనెయ్యడం, ఎందుకు కాదో ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మేనకోడలికి ఆయన మావయ్య. బజారు మొత్తానికి మాత్రం కాదుగారు. కొత్త పోస్ట్‌మ్యాన్ ఒకసారి మెట్లెక్కి వచ్చి, కాదుగారంటే మీరేనా అని అడిగితే, కాదని చెప్పి ఉత్తరం మాత్రం చెయ్యి చాపి తీసుకున్నాడు.

పెళ్లికి ముందు అత్తయ్య తండ్రి, మా అమ్మాయి నచ్చిందా బాబూ అని అడిగినప్పుడు కూడా ఆయన కాదన్నాడట. అందరి మొహాలూ మాడిపోయాక, నచ్చడమనేది చిన్నమాటని, ఇది అంతకంటే చాలా ఎక్కువని వివరించాడట. ఆ మధ్యలో గడిచిన అర నిమిషానికి అత్తయ్య ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

ఆయన పని పాత సినిమా ప్రొజెక్టర్లు బాగుచేయడం. వాటిలోనూ సైన్యం కోసం తయారైనవంటే ప్రాణం. ఒకప్పుడు శిబిరాల్లోనూ ఓడల మీదా సైనికులకు సినిమాలు చూపించిన మెషీన్లవి. ఇప్పుడు వాటి మీద జనానికి మోజు పెరిగింది. దాంతో బడుల్లో పాఠాలు చూపించిన మెషీన్‌కు కూడా ఆకుపచ్చ రంగు కొట్టి, యుద్ధంలోంచి వచ్చిందని చెప్పేవాళ్లు బయల్దేరారు. మావయ్య రంగు వంక చూడడు. మూత తీసి ముక్కు లోపల పెడతాడు. సైన్యం మెషీన్లలో తీగలకు బూజు పట్టకుండా వార్నిష్ పూస్తారు. ఎన్నేళ్లయినా ఆ వాసన పోదని ఆయన నమ్మకం. తర్వాత నంబరు పలక, దాన్ని బిగించిన మేకులు, దీపం గదికున్న గాలి కన్నాలు. అన్నీ అయ్యాకే మనిషి వంక చూస్తాడు.

ఒకాయన తన మెషీన్‌ను దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. “ఇది మూడు యుద్ధాలు చూసిందండీ” అన్నాడు.

“కాదు. మూడు బళ్లు చూసింది. లోపలంతా సుద్దపొడి.”

కొట్లో మేనకోడలు చేసే పని ఫిల్మ్ నడిచే దారిలో పేరుకున్న మడ్డిని కర్రపుల్లతో గీకడం, కరిగి జిగురైపోయిన రబ్బరు బెల్టులు మార్చడం. పేరుకు అంతే. అసలు ఉద్యోగం మావయ్య చేత ‘కాదు’ అనిపించుకున్నవాళ్లను కూర్చోబెట్టి టీ ఇవ్వడం. పదేళ్లలో ఆమె చాలా టీ కాచింది.

అలా ఒకరోజు టైలరమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే మనిషి. ఆవిడ భర్త పోయి ఏడాది. సైన్యంలో ఉండగా ఊరూరా తిరిగే సినిమా దళంలో పనిచేశానని ఆయన చెప్పేవాడు. కాగితాలన్నీ వరదలో పోయాయి. ఆయన అన్నగారు మాత్రం, మావాడు సినిమాలేమీ వెయ్యలేదు, వంటశాలలో ఉల్లిపాయలు తరిగాడు అని అయినవాళ్లందరి ముందూ నవ్వేవాడు. తమ్ముడు పోయాక కూడా ఆ నవ్వు మానలేదు. ఇప్పుడు మాజీ సైనికుల హాల్లో ఆ దళం వాళ్ల పేర్లతో బోర్డు పెడుతున్నారు. ఆయన ఇంట్లో దాచుకున్న ప్రొజెక్టరు సైన్యానిదేనని రుజువైతే పేరు రాస్తామని సెక్రటరీ అన్నాడట.

మావయ్య మూత తీశాడు, వాసన చూశాడు, పలక చూశాడు, మళ్లీ వాసన చూశాడు.

“కాదమ్మా. ఇది బడి మెషీన్.”

టైలరమ్మ మెషీన్ మీద కప్పి తెచ్చిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, మెషీన్‌ను అక్కడే వదిలేసి, టీ తాగకుండానే వెళ్లిపోయింది. దాంతో మేనకోడలికి ఒళ్లు మండింది. కాసిన టీ రెండు కప్పులూ తనే తాగేసి, మావయ్యకు చుక్క కూడా ఇవ్వలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించినట్టే లేదు. ఎందుకంటే ఆ బడి మెషీన్‌ను బల్ల మీద పెట్టుకుని మరమేకు తర్వాత మరమేకు విప్పుతూ కూర్చున్నాడు.

మూడోరోజు ఆయనే పిలిచాడు. లోపల మరమేకుల తలలకు సన్నని కన్నాలు పొడిచి, జంట జంటగా తీగతో మెలేసి కట్టి ఉన్నాయి. లారీలో ఎంత కుదిపినా వదులు కాకుండా అలా కడతారని, బడి బల్ల మీద కూర్చునే మెషీన్‌కు ఆ అవసరం లేదని చెప్పాడు. కరెంటు తీగలన్నీ మైనం పట్టించిన దారంతో ఒక్క కట్టగా కట్టి ఉన్నాయి. బొటనవేలు వెడల్పుకొక ముడి. అతుకుల మీద కుంచెతో వార్నిష్ పూసి ఉంది. ఫ్యాక్టరీ పూత కాదు, చేత్తో పూసింది.

“మెషీన్ సైన్యంలోకి పోలేదు” అన్నాడు మావయ్య. “దీన్ని బాగుచేసిన చెయ్యి వెళ్లొచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో తేలాలి. ఆవిణ్ణి పిలుచుకురా.”

టైలరమ్మ వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని ఆ దారం కట్టను చూసింది. సంచిలోంచి తన పెద్ద కత్తెర తీసి పక్కన పెట్టింది. వేళ్లు బొబ్బలెక్కకుండా దాని పిడికి దారం చుట్టి ఉంది. అదే మైనం, అదే ముడి.

“ఇది ఆయనే చుట్టిపెట్టారు” అంది. “ఎవరు నేర్పారని అడిగితే, వేళ్ల మీద బెత్తంతో కొట్టి నేర్పారనేవారు.”

మావయ్య అప్పటికప్పుడు సర్టిఫికెట్ రాశాడు. ఈ మెషీన్ సైన్యానిది కాదు, దీన్ని కాపాడిన మనిషి సైన్యంలో పని నేర్చినవాడు, సంతకం. హాల్లో సెక్రటరీ దాన్ని మూడుసార్లు చదివి తల గోక్కున్నాడు. పక్కనే ఉన్న, సైన్యంలో లారీలు బాగుచేసిన ముసలి మెకానిక్ మాత్రం కత్తెర మీది ఆ ముడిని వేలితో తడిమి, నవ్వి, ఆ బెత్తం తనకూ తెలుసన్నాడు. బోర్డు మీద పేరెక్కింది.

ఇంత వెతకదలచుకున్నవాడివి మొదటిరోజే కాదని ఆవిణ్ణెందుకు బాధపెట్టావని మేనకోడలు నిలదీసింది. ఆయన మరమేకు బిగిస్తూనే జవాబు చెప్పాడు.

“చూద్దాం అంటే ఆవిడ మూడు రోజులూ గుమ్మంలోనే కూర్చునేది. ఏమీ దొరక్కపోతే ఆవిడ మొహం నేను చూడలేనే అమ్మా. కాదన్నాననుకో, ఇంటికెళ్తారు. నేను నిమ్మళంగా వెతుక్కుంటాను.”

అప్పుడు ఆమెకు సుద్దపొడి ఆయన గుర్తొచ్చాడు. నెల తిరక్కుండానే ఆయన నవ్వుతూ వచ్చి మెషీన్ తీసుకెళ్లాడు. అది తను చదువుకున్న బడిదేనని, మావయ్య నంబరు పట్టుకుని కనిపెట్టాడని అప్పట్లో ఏదో అన్నాడు. ఆమె టీ కప్పులు కడుగుతూ సరిగా వినలేదు. అలాంటివి ఇంకెన్ని వినలేదోనని ఇప్పుడు సిగ్గుపడింది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో తెరలు లాగి, టైలరమ్మ మెషీన్ మీదే సినిమా వేశారు. ముందు వరసలో ఆవిడ బావగారు కూర్చుని, తమ్ముడి సంగతి తనకు మొదట్నుంచీ తెలుసని అటూ ఇటూ ఉన్నవాళ్లకు చెబుతున్నాడు. మొదటి రీలు అయిపోయింది. దాన్ని చేత్తో తిప్పి వెనక్కి చుట్టాలి.

“బావగారూ, ఒకసారి ఇలా రండి” అంది టైలరమ్మ అందరికీ వినబడేలా. “మీ తమ్ముడు చేసే పని. మీకు బాగా తెలిసే ఉంటుంది.”

ఆయన లేచి వచ్చి పిడి పట్టుకున్నాడు. ఇంకా మూడు రీళ్లున్నాయని ఆవిడ మెల్లగా చెప్పింది. మావయ్య వెళ్లి ఆయన కూర్చోవడానికి ఒక స్టూలు తెచ్చి వేశాడు.