వెండి కాగితం కవచం

ఇవన్నీ ఇంతకుముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు కనుక. చిన్నప్పుడు అమ్మ వెంట నాంపల్లిలో ఇళ్లకు వెళ్లి అంట్లు తోమేదాన్ని. తమ్ముడు బడికి పోయాడు. మనవరాలు పుట్టాక, ఆబిడ్స్‌లో మా చర్చి వెనక గదిలో, నాకు అక్షరాలు వచ్చాయి.

మా చర్చిలో ఏటా స్త్రీల ఆదివారం నాడు ఆరాధన అంతా ఆడవాళ్లే జరుపుతారు. దేవుడిచ్చే కవచం గురించిన వాక్యభాగం ఒకరు చదువుతుంటే, ఇంకొకరు కవచం తొడుక్కుని నిలబడాలి. చదువు రానిదాన్ని కాబట్టి నిలబడే పని ఎప్పుడూ నాదే. ఈసారి చదువుతానన్నాను. స్త్రీల సమాజం నడిపే ఆమెను మేమంతా పెద్దక్క అంటాం. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నడిమిట్ల ఆగినవనుకో, అందరి ముందట ఇజ్జత్ పోతది. ఎందుకే నీకు గీ ఫికర్?"

"ఆగితే మళ్ల ఏటేటా బొమ్మ లెక్క నిలవడ్త అక్కా. చదివితే మాత్రం ఇంక నన్ను నిలవెట్టొద్దు."

"ఔ, సరే. మరి కవచం ఎవలు తొడుగుతరు? నీ కొలతకే కుట్టిచ్చినం. ఇంకెవలకు పట్టది."

అలా రెండు పనులూ నా మీదే పడ్డాయి.

రక్షణ అనే శిరస్త్రాణం మా ఆయన స్కూటర్ హెల్మెట్. దానికి వెండి కాగితం అంటించాం. డాలు చర్చి విందుల్లో వాడే బిర్యానీ దేగిశా మూత. దేవుని వాక్యమనే ఖడ్గం అట్టది. అన్నీ తొడుక్కుని వేదిక ఎక్కాక తెలిసింది: ఒక చేతిలో మూత, ఒక చేతిలో ఖడ్గం, మరి పుస్తకం ఎవరు పట్టుకోవాలి? పైగా హెల్మెట్‌లో కళ్లద్దాలు పట్టవు. అద్దాలు లేకపోతే నాకు అక్షరాలు చీమల బారు. నిలబడ్డన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

ముందు వరుసలో మా ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఇన్నేళ్లు కవచం వేసుకున్నా నాకు యుద్ధం రాలేదు. ఆ రోజు వచ్చింది. ప్రభువా, బలమియ్యి అనుకున్నాను.

ఖడ్గం కింద పడేసి, మూత బల్లకు ఆనించి, పుస్తకం పట్టుకున్నాను. ఖడ్గమంటే వాక్యమే కదా, అట్టముక్క కాదు. హెల్మెట్ తీసి పక్కనున్న పెద్దక్క తలమీద పెట్టాను.

"ఏందే గిది!" అంది లోపల్నుంచి.

"జర ఉంచుకో అక్కా. రక్షణ నీకు గూడ గావాలె గదా."

చర్చి అంతా నవ్వింది. ఆ నవ్వులో నా భయం కాస్త తగ్గింది. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, నెమ్మదిగా చదివాను. ఒకచోట ఒత్తుల మీద ఒత్తులున్న మాట దగ్గర ఆగిపోయాను. పెద్దక్క అందించబోయింది.

"నువ్వు ఊకో అక్కా," అన్నాను. గుసగుసే, కానీ మైకులో అందరికీ వినబడింది. మళ్లీ మొదటి అక్షరం నుంచి కూడగట్టుకుని ఆ మాట దాటాను. చివరిదాకా వెళ్లాను. అందరికంటే గట్టిగా ఆమెన్ హెల్మెట్‌లోంచి వచ్చింది.

"వచ్చే ఏడు గూడ నువ్వే చదువు," అంది పెద్దక్క, నా కవచం నడికట్టు విప్పుతూ. "దీన్ని జర లూజు చేపిస్తే నేనే తొడుగుత."

మర్నాడు పొద్దున కుటుంబ ప్రార్థనకు మా ఆయన ఎప్పటిలాగే బైబిలు తీయబోయాడు. నేను ముందే అందుకున్నాను. అన్నిట్లోకీ పొడుగాటి కీర్తన వెతికి మొదలుపెట్టాను. లక్డీకాపూల్‌లో ఆఫీసుకు టైమవుతోందని ఆయన గడియారం వంక చూశాడు. నేను పేజీ తిప్పాను.