ఈశాన్యంలో రెండు మెట్లు

కొండల్‌రావు గారికి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మెషీన్ మీద ఉన్న గురి దేవుడి మీద కూడా లేదని ఆఫీసులో నేనే అంటూ ఉండేవాణ్ణి. అది నా తెలివితక్కువతనం.

ఆయనది నల్గొండ జిల్లా. సాగర్ ఎడమ కాలువ మీద పదిహేనేళ్ళు ఎండలో నిలబడి లెవెల్స్ తీసి, డెబ్బై నాలుగులో న్యూజెర్సీ వచ్చి, మా సర్వే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. నీళ్ళు ఎటు పారతాయో ఆయనకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. అయినా కాగితం మీద సంతకం చేసే హక్కు లేదు. దానికి సర్వేయర్ లైసెన్స్ ఉండాలి. ఆ పరీక్ష ఆయన నాలుగుసార్లు తప్పాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న డగ్లస్ మొదటిసారే పాసయ్యాడు. ఈయన కొలిచి గీసినవన్నీ అతను చూడకుండానే ముద్ర వేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆయన తరఫున అనేది భార్య మీనాక్షి గారే. ఎవరింట్లో భోజనాలకు కలిసినా, "లైసెన్స్ లేకుంటేంది, మా ఆయన చూసిన లెవెల్ ఇప్పటిదాంక తప్పలే" అనేది.

ఎడిసన్‌కు దగ్గర్లో, ఒక వాగు పక్కన వాళ్ళు డెబ్బై తొమ్మిదిలో ఇల్లు కొన్నారు. వెనకాల ఈశాన్యం మూల ఒక పోర్చ్ ఉండేది. మూడోసారి పరీక్ష తప్పిన ఏడు, ఆ పోర్చ్‌కి గోడలు కట్టి పూజ గది చేద్దామనుకున్నారు. నేలను ఇంటి ఫ్లోర్‌కి సమంగా లేపుతానని కాంట్రాక్టర్ అన్నాడు. కొండల్‌రావు గారు వద్దన్నాడు. షికాగోలో ఉన్న ఒక సిద్ధాంతి గారికి ఫోన్ చేస్తే, ఈశాన్యం పల్లంగా ఉంటే లైసెన్స్ దానంతటదే వస్తుందన్నాడట. గది రెండు మెట్లు కిందే ఉండిపోయింది. నాలుగోసారి కూడా పరీక్ష పోయింది.

ఎనభై అయిదులో ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఇల్లు వరద ప్రాంతంలో ఉంది, ఫ్లోర్ వరద మట్టం కన్నా ఎంత ఎత్తులో ఉందో సర్టిఫికెట్ పంపండి, లేకపోతే వరద ఇన్సూరెన్స్ మేమే తీసుకుని ఆ ఖర్చు మీ మీద వేస్తాం అని. వాళ్ళు వేసేది కట్టాలంటే ఇల్లు అమ్ముకోవాల్సిందే.

"ఇదొక పనా?" అన్నాడు కొండల్‌రావు గారు. శనివారం ఆఫీసు లెవెల్ తెచ్చాడు. నన్ను స్టాఫ్, అంటే అంకెలున్న కొలకర్ర, పట్టుకోవడానికి పిలిచాడు.

"రాధాకృష్ణా, సీద పట్టు," అంటూ రోడ్డు చివర బెంచ్‌మార్క్ అనే ఎత్తు తెలిసిన గుర్తు నుంచి ఇంటి దాకా లెవెల్స్ తీసుకుంటూ వచ్చాడు. హాలు వరద మట్టం కన్నా అడుగు ఎత్తులో ఉంది. చివర పూజ గదిలో స్టాఫ్ పెట్టాను. ఆయన మెషీన్‌లోంచి చాలాసేపు చూశాడు. పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నాడు. నేను వెళ్ళి చూశాను. గది వరద మట్టం కన్నా రెండంగుళాలు కిందికి ఉంది.

"ఫారంలో అన్నిటికన్నా కింది ఫ్లోర్ రాయమన్నాడు గదండీ," అన్నాను.

"అది దేవుని అర్ర. అండ్ల మనుషులుంటరా?"

ఫారంలో హాలు ఎత్తు రాశాడు. వయసులో పెద్దవాడని నోరు మూసుకున్నాను. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు డగ్లస్ ముద్ర వేయడానికి ఇంటికే వచ్చాడు. బల్ల మీద ఫారం పెట్టి పెన్ను తీశాడు. మొదటిసారి ఇంటికి వచ్చినవాళ్ళకు దేవుణ్ణి చూపించి ప్రసాదం పెట్టడం మీనాక్షి గారికి అలవాటు. ఆవిడ అతన్ని పిలిచింది. డగ్లస్ బూట్లు విప్పి, రెండు మెట్లు దిగి, చేతిలో చక్కెర పొంగలితో కాసేపు నేలకేసి చూశాడు. తరువాత కార్‌లోంచి లెవెల్, స్టాఫ్ తెచ్చుకున్నాడు.

కొలిచాక కొండల్‌రావు గారి పుస్తకం అడిగి తిరగేశాడు. ఆ రీడింగ్ అందులో ఉంది. ఫారంలో లేదు. ఇలా సంతకం చేయలేనని ఇంగ్లీషులో మెల్లగా చెప్పి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. మీనాక్షి గారికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

అతను వెళ్ళాక ఆవిడ అడిగింది. "లెక్క తప్పిందా?"

ఆయన పుస్తకం తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పితే నేనేమనకపోదును. చూసి కూడ రాయలే గద మీరు."

ఆ వారమే దేవుడి పటాలు వంటింటి అల్మారాలోకి మారాయి. గదిలో కాంక్రీట్ పోయించి ఇంటికి సమంగా లేపారు. డగ్లస్ మళ్ళీ వచ్చి కొలిచి సంతకం చేశాడు. ఇల్లు దక్కింది. బ్యాంకుకు పంపే ముందు కొండల్‌రావు గారు సర్టిఫికెట్ తెచ్చి భార్య చేతికిచ్చాడు.

"ఎవరు కొలిచిన్రు?" అందామె.

"డగ్లస్."

"అట్లయితే నమ్మొచ్చు," అని కవర్లో పెట్టి అంటించింది.