పచ్చలైటు కింద పలకరింపులు

మర్యాద వల్ల విమానం తప్పిపోయే పరిస్థితి నాకు కువైట్‌లోనే వచ్చింది. విమానాశ్రయానికి వెళ్తుంటే ఖైతాన్ కూడలిలో పచ్చలైటు పడింది. మా ముందు పక్కపక్కనే ఆగిన రెండు కార్లలోని కువైటీలు అద్దాలు దించి కుశలప్రశ్నలు వేసుకుంటున్నారు. ఇంకా తండ్రుల ఆరోగ్యం దాకానే వచ్చినట్టున్నారు.

"హారన్ కొట్టు సుబ్బరాయుడూ, విమానం వెళ్లిపోతుంది" అన్నాను. మా డ్రైవరుది రాయచోటి.

"విమానం పోతే ఇంకోటి వస్తాది సార్. ఈడ హారనంటే తిట్టినట్టే. గొడవైతే నన్ను ఊరికి పంపిచ్చేస్తారు."

మా భీమవరంలో హారన్ అంటే బండి ఊపిరి.

అంతలో వెనక నుంచి ఎవరో ఆపకుండా హారన్ మోగించాడు. ముందు కారులోని పెద్దాయన, కొట్టింది మేమే అనుకున్నాడేమో, దిగి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. సుబ్బరాయుడు స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. పెద్దాయన నన్నూ, నా పెట్టెల్నీ చూసి, చేతిని విమానంలా పైకి లేపాడు. అవునని తలూపాను. ఆయన క్షమించమన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని, "యల్లా, యల్లా", పదండి పదండి అంటూ పరుగున వెళ్లి కారు తీశాడు. సరిగ్గా అప్పుడే ఎర్రలైటు పడింది.

సుబ్బరాయుడు ఊపిరి పీల్చుకుని అద్దంలో చూశాడు. "వెనకోడు మనోడే సార్. కొత్తగా వచ్చినట్టుండాడు, పాపం."

"ఎట్లా తెలుసు?"

"ఎర్రలైటు పడినా ఇంగా కొడతానే ఉండాడు."